ట్రిమ్ క్లిప్పు ఎంత బలంగా ఉండాలి? పాత స్పోర్ట్స్ కార్ల పునరుద్ధరణలో ప్రత్యామ్నాయ బిగింపుల ఎంపిక

నిస్సాన్ సంస్థ 1969 అక్టోబరులో లోకానికి చూపించిన డాట్సన్ 240జెడ్, ఆ తరువాత 260జెడ్, 280జెడ్ రూపాలు దాల్చి 1978 దాకా తయారైంది. అమెరికాలో తొలుత 3,526 డాలర్ల ధరకు అమ్మిన ఈ రెండు సీట్ల కారు అక్కడే ఎక్కువగా అమ్ముడుపోయింది కాబట్టి ఈనాటికీ దాన్ని పునరుద్ధరించేవారు అక్కడే ఎక్కువ. ఇంజను గాస్కెట్లు, బ్రేకు సిలిండర్లు, ఫ్లోర్ రేకులు, తలుపు రబ్బర్లు ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. డబ్బూ ఓపికా ఉంటే తుప్పు తిన్న బాడీని కూడా నిలబెట్టవచ్చు. అయినా చాలా కార్ల పని చివరి దశలో ఆగిపోతుంది. పెయింటు అయిపోయి, ఇంజను మోగుతూ ఉండగా, వెనక చక్రాల పైనుండే లోపలి ప్లాస్టిక్ ప్యానెళ్లు, తలుపు లోపలి తొడుగులైన డోర్ ప్యాడ్లు, కారు పేరు చూపే ఎంబ్లెములు మాత్రం గోడకు ఆనించి ఉండిపోతాయి. వాటిని బాడీకి పట్టి ఉంచిన చిన్న ప్లాస్టిక్ రివెట్లు, క్లిప్పులు విప్పేటప్పుడే ముక్కలైపోవడమూ, వాటి స్థానంలో ఏమి పెట్టాలో తేలకపోవడమూ ఇందుకు కారణం.

ఈ బిగింపులు విరగడం విప్పినవారి చేతివాటం వల్ల మాత్రమే కాదు. 1960ల నుండి కార్ల తయారీదారులు ట్రిమ్, అంటే ఇలాంటి ప్యానెళ్లు, ప్యాడ్లు, ఎంబ్లెముల బిగింపుల కోసం ఎక్కువగా వాడింది నైలాన్. నైలాన్ తన సాగే గుణాన్ని కొంతవరకు గాలిలోని తేమ నుండి పొందుతుంది. నైలాన్ 66 రకం, 50 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న గాలిలో నిలకడకు వచ్చేసరికి తన బరువులో సుమారు 2.5 శాతం నీటిని పీల్చుకుని ఉంటుంది. ఆ తేమ తగ్గితే అది బిరుసెక్కుతుంది. అయితే తేమ మళ్లీ చేరితే ఆ మేరకు మెత్తబడుతుంది కూడా. అంతకంటే పెద్ద నష్టం వేడి వల్ల, సూర్యరశ్మి వల్ల జరుగుతుంది. దశాబ్దాల తరబడి ఎండలో నిలిచిన కారులో ఆక్సిజన్ నైలాన్ అణువుల పొడవాటి గొలుసులను తెంచుతూ వస్తుంది, ఈ నష్టం మళ్లీ పూడదు. పసుపు రంగుకు తిరిగి, వంచగానే పుటుక్కున విరిగే క్లిప్పు ఈ రెండో స్థితికి చేరినట్టు లెక్క. దాన్ని నీళ్లలో నానబెట్టి కాపాడాలనుకోవడం వృథా.

ప్రత్యామ్నాయం వెతికేటప్పుడు చాలామంది మొదట వేసుకునే ప్రశ్న "ఇంతకంటే గట్టిది ఏదైనా దొరుకుతుందా" అన్నది. పని దారి తప్పేది ఈ ప్రశ్నతోనే. ట్రిమ్ బిగింపు మోయవలసిన భారం చాలా తక్కువ. ఒక డోర్ ప్యాడ్ బరువు ఎనిమిదో పదో క్లిప్పుల మధ్య పంచబడుతుంది. అది గడగడలాడకుండా, తన చోటు నుండి కదలకుండా ఉంటే చాలు. దాని అసలు బాధ్యత మరొకటి ఉంది. ప్యానెల్‌ను ఎప్పుడైనా బలవంతంగా లాగవలసి వస్తే ముందుగా తెగిపోవలసింది క్లిప్పే గాని ప్యానెల్ కాదు, బాడీ రేకు అంతకన్నా కాదు. విద్యుత్ వలయంలో ఫ్యూజు చేసే పని ఇక్కడ క్లిప్పు చేస్తుంది. యాభై ఏళ్ల నాటి అచ్చు ప్యానెల్ మళ్లీ దొరకదు, క్లిప్పు ఏదో ఒక రూపంలో దొరుకుతుంది. ఈ వరుసను తారుమారు చేసే ఏ ప్రత్యామ్నాయమైనా, చూడడానికి ఎంత దృఢంగా ఉన్నా, కారుకు హాని చేసేదే.

ఈ ఆలోచన కొత్తది కాదు, బిగింపుల చరిత్రలోనే ఉంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో టిన్నర్‌మన్ కుటుంబం వంట పొయ్యిలు తయారుచేసేది. పొయ్యిల పైనుండే పింగాణీ పూత పలకలు నట్టు బిగించగానే పగిలిపోతుండడంతో, 1920లలో వారు వంపు తిరిగిన స్ప్రింగు ఉక్కు పలకతో ఒక నట్టును రూపొందించారు. స్పీడ్ నట్ అన్న పేరుతో ప్రసిద్ధమైన ఆ నట్టు బిగింపు శక్తిని తనలోనే స్ప్రింగులా దాచుకుని, పలకపై పడే ఒత్తిడిని హద్దులో ఉంచుతుంది. బ్రిటన్‌లో స్పైర్ నట్ అని పిలిచేదీ ఈ జాతిదే. నేటికీ కార్ల క్లిప్పులు తయారుచేస్తున్న ఫ్రాన్సులోని ఎ. రేమాండ్ సంస్థ కూడా 1865లో గ్రెనోబుల్ పట్టణంలో పుట్టి, అక్కడి చేతి తొడుగుల పరిశ్రమ కోసం 1886లో నొక్కు బొత్తానికి పేటెంటు పొందిన సంస్థ. పలచని తోలును చింపకుండా పట్టి ఉంచడం, మళ్లీ సులువుగా విడిపోవడం అన్న సమస్యే అక్కడా. కార్ల ట్రిమ్ బిగింపు ఈ వంశానికి చెందినది, బోల్టు వంశానికి చెందినది కాదు.

దీన్ని పట్టించుకోని ప్రత్యామ్నాయాల్లో అన్నిటికంటే సాధారణమైనది రేకు మర, అంటే తానే మర కోసుకుంటూ లోపలికి పోయే సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ. 240జెడ్ లోపలి పలచని ప్లాస్టిక్ ప్యానెళ్లు అసలే వయసుతో పెళుసెక్కి ఉంటాయి. రెండు ముక్కల ప్లాస్టిక్ రివెట్ ఉండవలసిన చోట స్క్రూ బిగిస్తే దాని తల కింద ఒత్తిడి చిన్న వలయంలో కేంద్రీకృతమవుతుంది. ఎండలో ప్యానెల్ వ్యాకోచించి కదలబోతే స్క్రూ కదలనివ్వదు. కొన్ని నెలలకు రంధ్రం అంచు నుండి గీతలా పగులు బయలుదేరుతుంది. అసలు రివెట్ కాడకూ ప్యానెల్ రంధ్రానికీ మధ్య కాస్త వదులు ఉంచింది ఆ కదలిక కోసమే. 1962 నుండి 1980 వరకు ఇంగ్లండులోని అబింగ్‌డన్‌లో తయారైన ఎంజీబీ వంటి బ్రిటిష్ కార్లలో డోర్ ప్యాడ్ వెనక ఉండేది చెక్కపీచు అట్ట. అక్కడ నష్టం ఇంకో రకంగా జరుగుతుంది. బలమైన క్లిప్పును లాగినప్పుడు అది రేకును వదలదు, తడికి ఉబ్బి బలహీనపడిన అట్ట నుండి ఊడివస్తుంది, వస్తూ వస్తూ చుట్టూ ఉన్న అట్టను తెంచుకుని వస్తుంది. అట్ట చిరిగిన డోర్ ప్యాడ్‌కు ఇక ఏ క్లిప్పూ పనికిరాదు, అట్టనే మార్చి పై వినైల్ తొడుగును మళ్లీ అతికించాలి.

సరైన ప్రత్యామ్నాయానికి దారి చూపేది విరిగిన పాత ముక్కే. అందువల్ల విప్పే సమయంలో ప్రతి ముక్కనూ, తలలు తెగిన కాడలతో సహా, ఏ ప్యానెల్ నుండి ఏ వరుసలో వచ్చిందో రాసి సంచుల్లో దాచుకోవడం తప్పనిసరి. ముక్కపై చిన్న అక్షరాలు, అంకెలు కనబడితే వాటిని జాగ్రత్తగా చదవాలి. ఒంటరిగా ఉన్న 3, 7 వంటి అంకె చాలాసార్లు విడిభాగం సంఖ్య కాదు. ఒకే అచ్చులో అనేక గూళ్లు ఉన్నప్పుడు ఏ గూటిలో పోత పోశారో తెలిపే గుర్తు అది. దాన్ని పట్టుకుని వెతికేవారికి ఏమీ దొరకదు. ప్లాస్టిక్ రకాన్ని తెలిపే ముద్రలు ఆధునిక క్లిప్పులపై ఉంటాయి గాని 1970ల నాటి ముక్కలపై ఆశించకూడదు. రకం తెలుసుకోవడానికి నీళ్ల గిన్నె కొంతవరకు సరిపోతుంది: పాలీప్రొపిలీన్ సాంద్రత నీటికంటే తక్కువ కాబట్టి తేలుతుంది, నైలాన్, ఎసిటాల్ అనే మరో గట్టి ప్లాస్టిక్ రెండూ మునుగుతాయి.

తరువాతి పని కొలత. ట్రిమ్ క్లిప్పుకు నాలుగు కొలతలు ముఖ్యం: బాడీ రేకులోని రంధ్రం వ్యాసం, తల వ్యాసం, తల కింది నుండి పట్టు మొదలయ్యే చోటు దాకా ఉన్న దూరం, ప్యానెల్ వైపు క్లిప్పు ఇమిడే రంధ్రం లేదా గాడి ఆకారం. వీటిలో ఎక్కువమంది కొలిచేది మొదటిదే, కొలిచే తీరు కూడా తరచుగా తప్పు. కొలిచే సాధనమైన వెర్నియర్ లోపలి దవడల అంచులు బల్లపరుపుగా ఉండడం వల్ల చిన్న గుండ్రటి రంధ్రంలో అవి అసలు వ్యాసం కంటే తక్కువ చూపిస్తాయి. దీనికి బదులు 0.1 మిల్లీమీటరు తేడాతో వరుసగా ఉన్న డ్రిల్ బిట్ల నున్నని కాడలను ఒక్కొక్కటిగా దూర్చి చూస్తే నిజమైన కొలత తెలుస్తుంది. పెయింటు మందాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పౌడర్ కోటింగ్ పూత మామూలుగా 60 నుండి 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) మందం ఉంటుంది, రంధ్రం అంచుకు రెండు వైపులా అది చేరితే వ్యాసం 0.1 నుండి 0.2 మిల్లీమీటర్ల మేర తగ్గుతుంది. ఫ్యాక్టరీలో సులువుగా దిగిన క్లిప్పు ఇప్పుడు సుత్తితో కొడితే గాని దిగకపోవడానికి కారణం క్లిప్పు తేడా కాకపోవచ్చు. రంధ్రం అంచులను చేతితో మెల్లగా శుభ్రం చేసి, బయటపడిన లోహానికి బ్రష్షుతో ప్రైమర్ వేస్తే అదే క్లిప్పు సరిపోతుంది.

నాలుగింటిలో మూడో కొలతను దాదాపు అందరూ నిర్లక్ష్యం చేస్తారు, గడగడ శబ్దాల్లో చాలాభాగం దానివల్లే వస్తాయి. క్లిప్పు తల కింద ప్యానెల్ మందం, దాని వెనక నురుగు పొర ఉంటే నొక్కుకున్నాక మిగిలే మందం, నీటిని ఆపే ప్లాస్టిక్ షీటు, బాడీ రేకు, ఇవన్నీ కలిపితే వచ్చే మొత్తానికి క్లిప్పు పట్టు సరిపోవాలి. బాడీ రేకు దాదాపు 0.8 మిల్లీమీటర్లు ఉంటుంది, బ్రిటిష్ కార్లలోని అట్ట 3 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. పునరుద్ధరణలో కొత్త అట్ట కాస్త మందంగా వచ్చినా, శబ్దం తగ్గించే పొర ఒకటి అదనంగా వేసినా, ఫ్యాక్టరీ క్లిప్పు కూడా రేకును అందుకోలేదు. కాడ పొడవునా వరుసగా ముళ్లలాంటి రెక్కలున్న క్లిప్పులు మందంలోని తేడాను చాలావరకు సర్దుకుంటాయి కాబట్టి ఇలాంటి చోట అవి మంచి ఎంపిక. కాకపోతే ఒక్కసారి ఊడబెరికితే వాటి రెక్కలు అరిగిపోతాయి, మళ్లీ వాడే వీలు లేదు. వంచిన స్ప్రింగు తీగతోనో రేకుతోనో చేసిన క్లిప్పులు పదేపదే విప్పడానికి నిలుస్తాయి గాని ఒకే మందానికి మాత్రమే సరిగ్గా కూర్చుంటాయి.

అంగుళాలకూ మిల్లీమీటర్లకూ మధ్య తేడా అన్నిచోట్లా ఒకేలా ఇబ్బంది పెట్టదు. జపాను కారులోని 8 మిల్లీమీటర్ల రంధ్రానికి అమెరికా దుకాణంలో దొరికే 5/16 అంగుళాల క్లిప్పు, అంటే 7.94 మిల్లీమీటర్లది, ఏ సందేహమూ లేకుండా వాడవచ్చు. 1/4 అంగుళం 6.35 మిల్లీమీటర్లు కాబట్టి 6 మిల్లీమీటర్ల రంధ్రంలోకి అది బలవంతంగా తప్ప పోదు, పోతే రేకు అంచును వంచుతుంది. తిరగవేసి, బ్రిటిష్ కారు 1/4 అంగుళం రంధ్రంలో 6 మిల్లీమీటర్ల క్లిప్పు పెడితే అది కూర్చున్నట్టే అనిపించి, మొదటి గతుకులో వదులవుతుంది.

మరలు ఉన్న చోట ఈ పోలికలు ఇంకా ప్రమాదకరం. బ్రిటన్, అమెరికా, కెనడా 1948లో ఒప్పుకున్న యూనిఫైడ్ మర కొలతలే ఎంజీబీలో చాలాచోట్ల కనిపిస్తాయి. అందులో ట్రిమ్‌కు తరచుగా వాడే 10-32 మర వ్యాసం 4.83 మిల్లీమీటర్లు, దాని పిచ్, అంటే ఒక మర నుండి పక్క మరకు ఉన్న దూరం, 0.794 మిల్లీమీటర్లు. మెట్రిక్ ఎం5 మర వ్యాసం 5 మిల్లీమీటర్లు, పిచ్ 0.8 మిల్లీమీటర్లు. పిచ్‌లో తేడా కంటికి అందదు, అందుకే పాత 10-32 నట్టులోకి ఎం5 స్క్రూ కాస్త బిగుతుగా లోపలికి దిగిపోతుంది, దిగుతూ లోపలి మరలను కోసేస్తుంది. ఆ తరువాత సరైన స్క్రూ తెచ్చినా పట్టుకోదు. ఎం5 నట్టులో 10-32 స్క్రూ పెట్టినప్పుడు సమస్య ఎదురుగా ఉంటుంది: తేలిగ్గా తిరుగుతుంది, బిగిస్తే జారిపోతుంది. రేకు మరల విషయంలో మాత్రం ఊరట ఉంది. అంగుళాల పద్ధతిలో 6, 8, 10 నంబర్ల స్క్రూలు మెట్రిక్ పేర్లతో వరుసగా 3.5, 4.2, 4.8 మిల్లీమీటర్లు, ఇవి ఒకటే వస్తువులు. పేరు వేరని ఇంగ్లండు నుండి తెప్పించనక్కర్లేదు.

స్క్రూ తల మీది ప్లస్ గాడి చిన్న విషయంగా కనిపించినా బయటికి కనబడే ట్రిమ్‌లో అది ముఖ్యమే. 1960ల నుండి బ్రిటిష్ తయారీదారులు వాడిన పోజిడ్రైవ్ తలపై ప్రధాన ప్లస్ గాడి మధ్య అదనంగా నాలుగు సన్నని గీతలు ఉంటాయి. జపాను కార్లలోని ప్లస్ గాడి వారి సొంత పారిశ్రామిక ప్రమాణాన్ని అనుసరిస్తుంది, కొన్ని తలల మీద చిన్న చుక్క దాని గుర్తు. ఈ రెంటిలోనూ మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పూర్తిగా కూర్చోదు, జారి గాడిని తినేస్తుంది. మార్చవలసి వచ్చిన స్క్రూల్లో చాలావాటిని పాడుచేసింది తుప్పు కాదు, తప్పు స్క్రూడ్రైవరే. జపాను ఎం8 బోల్టుల షడ్భుజి తల సాధారణంగా 12 మిల్లీమీటర్లు, ఐరోపా ప్రమాణంలో అది 13. రెండూ పని చేస్తాయి గాని పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక ఎక్కడ వెతకాలన్న ప్రశ్న. కారు పేరుతో వెతికితే దొరికేది ఆ కారు నిపుణుల దుకాణం, అక్కడ ధరా ఎక్కువే, సరుకూ పరిమితమే. దానికంటే ఫలించే దారి విడిభాగాల సంఖ్యల నిర్మాణాన్ని చదవడం. ప్రతి తయారీదారూ కొన్ని భాగాలకు ఆ కారు నమూనాకు మాత్రమే చెందిన సంఖ్యలనూ, క్లిప్పులు, నట్టులు, స్క్రూల వంటి వాటికి ఏ నమూనాకూ కట్టుబడని ప్రామాణిక సంఖ్యలనూ ఇస్తాడు. టొయోటా క్లిప్పుల్లో చాలా భాగం 90467తో మొదలవుతుంది. నిస్సాన్‌లో 01553తో మొదలయ్యే వరుస ఉంది. పోర్షేలో 999తో మొదలయ్యే సంఖ్యలు ఈ కోవలోనివి. కారు తయారీ ఆగిపోయి నలభై ఏళ్లయినా ఇలాంటి సంఖ్య ఉన్న క్లిప్పు నిన్నమొన్నటి కుటుంబ కారులో కూడా వాడుతూ ఉండవచ్చు, అప్పుడు అది షోరూము విడిభాగాల కౌంటరులోనే దొరుకుతుంది. 1982 నుండి 1991 దాకా వచ్చిన పోర్షే 944 యజమానులకు ఇది మరింత కలిసివస్తుంది. దాని పూర్వరూపమైన 924ను ఫోక్స్‌వ్యాగన్ కోసం రూపకల్పన చేయడం మొదలుపెట్టి, ఆడి సంస్థకు చెందిన నెకర్‌సుల్మ్ ఫ్యాక్టరీలో తయారుచేశారు కాబట్టి, చిన్న భాగాల్లో ఎన్నో ఫోక్స్‌వ్యాగన్ సంఖ్యలతోనే ఉంటాయి. ఎన్ అక్షరంతో మొదలయ్యే స్క్రూ, క్లిప్పు కనబడితే అది ఫోక్స్‌వ్యాగన్ ప్రామాణిక భాగం. అదే వస్తువుకు పోర్షే డబ్బాలో ఎక్కువ ధర చెల్లించవలసిన అవసరం లేదు.

ఇది సాధ్యం కావడానికి కారణం పరిశ్రమ నిర్మాణమే. కారు కంపెనీలు క్లిప్పులను స్వయంగా తయారుచేయవు. జపానులో నిఫ్కో, ఐరోపాలో ఎ. రేమాండ్ వంటి సంస్థలు పోటీ కంపెనీలన్నిటికీ తయారుచేసి ఇస్తాయి. ఒకే అచ్చు క్లిప్పు మాజ్డాలోనూ హోండాలోనూ వేర్వేరు సంఖ్యలతో కనిపించడంలో ఆశ్చర్యం లేదు. భారతదేశానికి ఈ వ్యవహారంతో ఉన్న అసలు సంబంధమూ ఇదే. 1983లో సుజుకీ పరిజ్ఞానంతో మారుతి వచ్చిన నాటి నుండి ఇక్కడి విడిభాగాల బజార్లలో జపాను కొలతల క్లిప్పులు మామూలు సరుకు. విజయవాడ ఆటోనగర్‌లో బంపర్ క్లిప్పు, డోర్ ప్యాడ్ లాక్ పేరుతో అమ్మే వాటిలో 240జెడ్ రంధ్రాలకు సరిపడే కొలతలు ఉండే అవకాశం, బ్రిటిష్ కార్ల అంగుళాల రంధ్రాలకు సరిపడే అవకాశం కంటే చాలా ఎక్కువ. పాత ముక్కనూ, రంధ్రం కొలతనూ వెంట తీసుకువెళ్లడం మాత్రం మరువకూడదు.

వందల ముక్కలు కలిపి ఒక పెట్టెలో అమ్మే కలగూర సెట్ల విషయంలో జాగ్రత్త అవసరం. వాటిలో రంధ్రం వ్యాసం ఒక్కటి సరిపోయి, తల పెద్దదిగానో కాడ పొడవుగానో ఉండే ముక్కలే ఎక్కువ. కాడ పొడవైతే తలుపు లోపల కిందికి దిగే అద్దానికో, అద్దం దించే యంత్రాంగానికో తగలవచ్చు. ఏ ప్లాస్టిక్‌తో చేశారో చెప్పని సెట్లను వాడే ముందు కొన్ని ముక్కలను వంచి, విరిచి చూడాలి. మంచి నైలాన్ క్లిప్పు వంగి తెల్లబారి, అప్పుడు తెగుతుంది. నాసిరకం ముక్క హెచ్చరిక లేకుండా విరుగుతుంది, లేదా మైనంలా వంగి తిరిగి నిటారు కాదు. ఎసిటాల్ క్లిప్పులు నీటిని దాదాపు పీల్చవు, కొలత మారదు, స్ప్రింగు గుణం బాగుంటుంది. కానీ అవి గట్టివి. పెళుసెక్కిన పాత ప్యానెల్‌కు ఎసిటాల్ కంటే నైలాన్ దయగలది, కొన్నిచోట్ల పాలీప్రొపిలీన్ ఇంకా మేలు. బయటికి కనబడే రివెట్ తలను లోపలి ట్రిమ్ రంగుకు కలపాలంటే నైలాన్‌కు మరో సుగుణం ఉంది: బట్టలకు వేసే ఆసిడ్ రకం రంగు వేడినీళ్లలో కలిపి అందులో ముంచితే అది రంగును లోపలికి తీసుకుంటుంది. పాలీప్రొపిలీన్ తీసుకోదు.

లోహపు క్లిప్పుల దగ్గర పునరుద్ధరణదారులు ఎక్కువగా చేసే పొరపాటు శుభ్రపరచడంలోనే ఉంది. తుప్పు పట్టిన స్ప్రింగు ఉక్కు క్లిప్పులను ఆమ్లంలో నానబెట్టి, మెరిసేలా చేసి, ఆపై విద్యుత్ పద్ధతిలో జింకు పూత వేయించడం ఎంతో మంచి పనిలా కనిపిస్తుంది. ఆమ్లంలోనూ, పూత తొట్టిలోనూ పుట్టే హైడ్రోజన్ గట్టిపరిచిన ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసుగా మారుస్తుంది. క్లిప్పు అప్పటికప్పుడు విరగదు. బిగించిన తరువాత, ఒత్తిడిలో ఉండగా, గంటలకో రోజులకో ఎవరూ తాకకుండానే విరిగి తలుపు అడుగున పడుతుంది. పూత వేసిన వెంటనే సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని గంటలు వేడి చేస్తే హైడ్రోజన్ చాలావరకు బయటికి పోతుంది. ఈ పని చేస్తారా అని పూత వేసేవారిని ముందే అడగాలి, చేయబోమని చెబితే వారికి క్లిప్పులు ఇవ్వకూడదు. ఆమ్లం లేని తుప్పు తొలగించే ద్రావణం వాడి, తరువాత పలచని మైనపు పూతతో సరిపెట్టుకోవడం ఇంటి పనికి సురక్షితం. స్టెయిన్‌లెస్ స్క్రూలు తుప్పు పట్టవు కదా అని అల్యూమినియం పట్టీలను వాటితో బిగించేవారికీ ఒక మాట: తడి చేరే చోట నష్టపోయేది అల్యూమినియమే. మధ్యలో నైలాన్ వాషరు, మర మీద రక్షక పేస్టు లేకుండా ఈ జంటను కలపకూడదు.

రంధ్రమే పాడైతే సంగతి వేరు. తుప్పుతో పెద్దదైన రంధ్రానికి పెద్ద క్లిప్పు వెతకడం సులువైన దారి. ప్యానెల్ వైపు గాడి అలాగే ఉంటుంది కాబట్టి ఆ పెద్ద క్లిప్పు తల అక్కడ పట్టదు, లేదా ప్యానెల్ గాడిని కూడా కోయవలసి వస్తుంది. తిరిగి రాని భాగాన్ని కోసి, వెల్డింగుతో బాగయ్యే భాగాన్ని కాపాడినట్టు అవుతుంది అది. రేకు వెనక చిన్న పలకను వెల్డు చేసి అసలు వ్యాసంతో కొత్త రంధ్రం చేయడమే న్యాయమైన పద్ధతి. పెయింటు అయిపోయిన కారులో వెల్డింగు కుదరకపోతే, రంధ్రంలో ఇమిడే చతురస్రపు ప్లాస్టిక్ గ్రోమెట్‌నో, లోపల రెక్కలు విప్పుకునే నట్టునో వాడి దాని లోపలికి అసలు కొలత స్క్రూ దించవచ్చు.

ఏ బజారులోనూ దొరకని ఆకారాలకు ఇప్పుడు చాలామంది త్రీడీ ముద్రణను ఆశ్రయిస్తున్నారు. అందులో ఆశ ఉంది, అయితే సామగ్రి ఎంపికలో అశ్రద్ధ కుదరదు. అతి చవకగా దొరికే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడడం మొదలుపెడుతుంది. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు ఆ వేడిని దాటడం మామూలే. తీగను కరిగించి పొరలుగా పేర్చే యంత్రంలో క్లిప్పును నిలబెట్టి ముద్రిస్తే పొరల మధ్య అతుకు కాడకు అడ్డంగా వస్తుంది, మొదటిసారి నొక్కగానే కాడ తెగుతుంది. పడుకోబెట్టి ముద్రించాలి. పొడిని లేజర్‌తో అతికించే పద్ధతిలో నైలాన్ 12తో చేయించుకుంటే ఫలితం ఫ్యాక్టరీ క్లిప్పుకు దగ్గరగా వస్తుంది, నీటిని తక్కువగా పీల్చే గుణమూ దానికి ఉంది. ఎంబ్లెముల వెనక పిన్నులను పట్టే చిన్న గొట్టం వంటి భాగాలకు ఇది బాగా పనికివస్తుంది. ఎంబ్లెము విషయంలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. పాత ఎంబ్లెముల్లో చాలావాటి పిన్నులు జింకు పోతవి, పక్కకు వంగితే విరుగుతాయి. అందువల్ల గొట్టం లోపలి వ్యాసం బిగుతు కంటే కాస్త వదులువైపు ఉండడమే మంచిది, మిగిలిన పట్టును చుక్క సీలెంటు చూసుకుంటుంది. రెండువైపులా అంటుకునే టేపుతో ఎంబ్లెమును అతికించడం చవకైన పరిష్కారమే గాని, తీయవలసి వచ్చిన రోజున పెయింటు కూడా వెంట రావచ్చు.

పై కప్పు తెరిచే బ్రిటిష్ కార్లలో కప్పు గుడ్డను బాడీకి పట్టే బొత్తాలు వేరే జాతి. లిఫ్ట్ ద డాట్, టెనాక్స్ వంటి పేర్లతో పడవల కప్పుల కోసం నేటికీ తయారవుతున్నాయి, కాబట్టి వాటికి ప్రత్యామ్నాయం వెతకవలసిన అవసరమే తక్కువ. పడవ సామాను అమ్మే దుకాణంలో నేరుగా అసలు వస్తువే దొరుకుతుంది. చూసుకోవలసిందల్లా కింది మేకు మర కొలత.

అమర్చే రోజున కొత్త నైలాన్ క్లిప్పులను కొన్ని గంటలు గోరువెచ్చని నీళ్లలో ఉంచి తుడిచి వాడితే రెక్కలు విరగకుండా వంగుతాయి. అచ్చు నుండి వచ్చి పొడి సంచిలో ఉన్న నైలాన్‌లో తేమ ఉండదు కాబట్టి ఇది అవసరం. డోర్ ప్యాడ్ మొత్తాన్ని బిగించే ముందు ఒక మూల క్లిప్పును మాత్రమే దించి, బయటికి లాగి చూడాలి. చేతితో నెమ్మదిగా లాగినప్పుడు ప్యానెల్ వంగకుండా క్లిప్పు వదిలితే ఎంపిక సరైనది. ప్యానెల్ ముందు వంగితే అది ఎక్కువ గట్టిది, ఒక మెట్టు మెత్తటిదో చిన్నదో వెతకాలి. తలుపు అద్దం పక్క నుండి వాననీరు తలుపు లోపలికి దిగి, అడుగున ఉన్న రంధ్రాల గుండా పోవడం ఈ కార్ల రూపకల్పనలోనే ఉంది. ఆ నీరు డోర్ ప్యాడ్ వైపు రాకుండా ఆపేది వెనక ఉండే ప్లాస్టిక్ షీటు. క్లిప్పు రంధ్రాల చుట్టూ షీటు చిరగకుండా, క్లిప్పు తల కింద నురుగు వాషరుతో మూసి ఉంచకపోతే కొత్త అట్ట రెండు వానాకాలాల్లోనే ఉబ్బి క్లిప్పులను వదిలేస్తుంది. చివరగా, వాడిన ప్రత్యామ్నాయం సంఖ్య, అది అసలు ఏ కారుకు చెందినది, ఏ రంధ్రంలో పెట్టారు అన్నవి కారు పుస్తకంలో రాసి, అదే క్లిప్పులు మరో పది డోర్ ప్యాడ్ వెనక కాకుండా గ్లవ్ బాక్సులో ఉంచాలి, ఎందుకంటే తలుపు అద్దం యంత్రాంగం బాగుచేయడానికి ఎవరో ఒకరు ఆ ప్యాడ్‌ను మళ్లీ తీస్తారు, తీసినప్పుడు కొన్ని విరుగుతాయి.